కంప్యూటర్ సందేహాలు: చిప్పు మారదు, మరి డ్రైవర్ ఎందుకు మారుతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకే చిక్కు. కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఏదో ఒక డ్రైవర్‌ను అప్‌డేట్ చేయమని అడుగుతోందనీ, చేశాక ఒక్కోసారి బాగున్నది కూడా పాడవుతోందనీ, చేయకపోతే ఏమవుతుందోనని భయంగా ఉందనీ పాఠకులు రాశారు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: రెండేళ్ల కిందట మా నాన్నగారు నాకు కొత్త లాప్‌టాప్ కొనిపెట్టారు. అందులో ఇంతవరకు ఒక్క భాగం కూడా మార్చలేదు. అయినా వైఫై డ్రైవర్, సౌండ్ డ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్ అంటూ తరచూ ఏదో ఒక అప్‌డేట్ వస్తూనే ఉంది. వస్తువు మారనప్పుడు డ్రైవర్ ఎందుకు మారాలి? అమ్మేనాటికి అది అసంపూర్ణంగా ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ రెండో ప్రశ్నకు ఉన్నమాట చెప్పాలంటే, కొంత అసంపూర్ణంగానే ఉంటుంది. అయితే అది మోసమో కాదో తేల్చుకునే ముందు డ్రైవర్ చేసే పని ఏమిటో చూడాలి.

డ్రైవర్ అనగానే బండి నడిపే మనిషి గుర్తుకు వస్తాడు గానీ, దాని పనికి సరిగ్గా అతికే మాట మన పాత ‘దుబాసీ’. చెన్నపట్నంలో కుంపిణీ దొరలకూ ఇక్కడి వర్తకులకూ మధ్య రెండు భాషలూ తెలిసిన దుబాసీ నిలబడి బేరం నడిపేవాడు. మీ లాప్‌టాప్‌లో విండోస్‌కు వైఫై చిప్పు భాష రాదు. ‘ఈ సమాచారాన్ని పంపు’ అనడం వరకే దానికి తెలుసు. చిప్పులోని ఏ గడిలో ఏ అంకె వేస్తే అది మేలుకుంటుందో, ఆ తరువాత ఎంతసేపు ఆగాలో, జవాబు ఎక్కడ నుంచి తీసుకోవాలో తెలిసింది డ్రైవర్‌కే. మరో కంపెనీ చిప్పు అయితే ఆ గడులూ వేరు, ఆ క్రమమూ వేరు, కాబట్టి డ్రైవరూ వేరు.

ఇద్దరి మధ్య నిలబడినవాడికి ఆ ఇద్దరిలో ఎవరు మారినా పని పడుతుంది. చిప్పు మారదన్న మీ మాట నిజమే, కానీ ఇవతలి పక్క విండోస్ మారుతూనే ఉంటుంది. దీనికి అందరికీ గుర్తుండిపోయిన ఉదాహరణ విండోస్ విస్టా. 2007 జనవరి 30న అది సాధారణ కొనుగోలుదారులకు విడుదలైనప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్లు ఎలా ఉండాలన్న పద్ధతినే మైక్రోసాఫ్ట్ మార్చేసింది. అంతకుముందు రోజు వరకు చక్కగా నడిచిన కార్డులు కొత్త పద్ధతికి హడావిడిగా రాసిన డ్రైవర్లతో తడబడ్డాయి. ఆ సంస్థపై అమెరికాలో నడిచిన ఒక దావా సందర్భంగా 2008లో బయటపడిన అంతర్గత లెక్కల్లో, 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతానికి గ్రాఫిక్స్ చిప్పుల సంస్థ ఎన్విడియా ఇచ్చిన డ్రైవర్లు, దాదాపు 18 శాతానికి మైక్రోసాఫ్ట్ సొంత సాఫ్ట్‌వేర్ కారణమని ఉంది. ఆ కార్డుల్లో ఒక్క తీగ కూడా చెడిపోలేదు, వాటి తరఫున మాట్లాడేవాడికి కొత్త భాష ఇంకా పట్టుబడలేదు, అంతే.

రెండో కారణం డ్రైవర్‌లోనే ఉండే తప్పులు. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడుతుంది. డ్రైవర్లలో చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లో నడుస్తాయి కాబట్టి, అక్కడ ఒక్క తప్పు జరిగినా కంప్యూటర్ మొత్తం ఆగిపోయి నీలి తెర పడుతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో నమోదైన వైఫల్యాలలో 85 శాతం డ్రైవర్ల వల్లేనని 2003లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చెప్పింది. డ్రైవర్ రాసేవారు తమ ప్రయోగశాలలో పదుల రకాల కంప్యూటర్లపై పరీక్షించగలరు గానీ, లోకంలో ఉన్న లక్షల రకాల కలయికలపై పరీక్షించలేరు. మూత వేసి తెరిచినప్పుడు మాత్రమే, ఫలానా మోడల్ రౌటర్ ఉన్నప్పుడు మాత్రమే బయటపడే తప్పులు అమ్మకం తరువాతే తెలుస్తాయి.

మూడోది చాలామందికి తెలియనిది. చిప్పులోనూ తప్పులు ఉంటాయి. పెద్ద తయారీ సంస్థలు చాలావరకు తమ చిప్పుల్లో ఎక్కడెక్కడ లోపాలు దొరికాయో జాబితాలు ప్రచురిస్తాయి. సిలికాన్‌పై ఒకసారి చెక్కిన దాన్ని చెరిపి రాయడం కుదరదు. 1994లో పెంటియం ప్రాసెసర్ భాగహారంలో తప్పు దొరికినప్పుడు ఇంటెల్ చిప్పులనే మార్చి ఇవ్వవలసి వచ్చింది, అందుకు 47.5 కోట్ల డాలర్ల భారాన్ని తన ఖాతాల్లో చూపింది. అటువంటి ఖర్చు తప్పించుకునే దారి డ్రైవర్. చిప్పులో ఫలానా పని తిన్నగా జరగదని తెలిస్తే, డ్రైవర్ ఆ పనిని చుట్టు తిప్పి మరో దారిలో చేయిస్తుంది. మీ లాప్‌టాప్‌లో ఇటువంటి చుట్టుదారులు ఇప్పటికే ఎన్నో ఉండి ఉంటాయి.

ఇక వేగం మాట. 2022 అక్టోబరులో ఇంటెల్ ఆర్క్ గ్రాఫిక్స్ కార్డులు వచ్చినప్పుడు కొత్త ఆటలు బాగానే నడిచాయి, డైరెక్ట్‌ఎక్స్ 9 (ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే ఒక పాత పద్ధతి) కాలం నాటి ఆటలు మాత్రం ఈడ్చుకుంటూ నడిచాయి. నాలుగు నెలలు తిరగక ముందే, 2023 ఫిబ్రవరి నాటి డ్రైవర్‌తో ఆ పాత ఆటల్లో సగటు వేగం విడుదలనాటి కన్నా 43 శాతం పెరిగిందని కంపెనీ ప్రకటించింది. కార్డు అదే, ఇంట్లో కరెంటు అదే. చిప్పులో మొదటి నుంచీ ఉన్న శక్తిని వాడుకోవడం డ్రైవర్‌కు ఆలస్యంగా తెలిసింది.

మీరు విద్యార్థిని కాబట్టి కాలేజీ వైఫై వాడుతూ ఉంటారు. 2017 అక్టోబరులో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘క్రాక్’ అనే లోపాన్ని బయటపెట్టారు. రౌటర్‌తో చేతులు కలిపే సమయంలో, ఒకసారి వాడిన తాళంచెవినే మళ్లీ వాడేలా మీ పరికరాన్ని మభ్యపెట్టి, గాలిలో వెళ్లే సమాచారాన్ని దగ్గరలో ఉన్నవారు చదవగలిగేవారు. అది ఒక కంపెనీ తప్పు కాదు, వైఫైకి తాళం వేయడానికి అందరూ పాటిస్తున్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలోని తప్పు. ఆ దెబ్బతో ఆపరేటింగ్ సిస్టమ్‌లతో పాటు వైఫై డ్రైవర్లనూ సరిచేయవలసి వచ్చింది. కాబట్టి వైఫై డ్రైవర్ అప్‌డేట్‌ను వాయిదా వేయవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను. సౌండ్ డ్రైవర్ విషయంలో, పాటలూ పాఠాలూ సరిగ్గా వినిపిస్తున్నంత కాలం తొందరపడనక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా వెళ్తూ ఇచ్చిన కంప్యూటర్ వాడుతున్నాను. డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే కీబోర్డు, మౌస్ డ్రైవర్ల తేదీ 21-6-2006 అని ఉంది. ఇంకొక దానికి 18-7-1968 అని ఉంది. ఇంత పాతవి వాడితే ప్రమాదమని, అన్నింటినీ కొత్తవి చేస్తానని దుకాణంలో ఒకరు రెండు వేల రూపాయలు అడిగారు. ఇవ్వమంటారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: ఇవ్వవద్దు మాష్టారూ. ఆ రెండు తేదీలూ కావాలని వేసినవి.

ఒకే పరికరానికి రెండు డ్రైవర్లు కనబడితే దేన్ని వాడాలో విండోస్ ఒక క్రమంలో తేల్చుకుంటుంది. ఆ పరికరం గుర్తింపు సంఖ్యతో ఏది ఎక్కువ సరిపోలుతుందో ముందు చూస్తుంది, అందులో రెండూ సమానమైతే తేదీ చూస్తుంది, తేదీ కూడా సమానమైతే వెర్షన్ సంఖ్య చూస్తుంది. ఇప్పుడు ఒక చిక్కు ఆలోచించండి. మైక్రోసాఫ్ట్ విండోస్‌తో పాటే వచ్చే సాధారణ డ్రైవర్లపై నిజమైన తేదీ వేస్తే, విండోస్‌కు కొత్త విడత వచ్చిన ప్రతిసారీ ఆ సాధారణ డ్రైవర్ తేదీ కొత్తదై, మీ మౌస్ తయారుచేసిన కంపెనీ ప్రత్యేకంగా ఇచ్చిన డ్రైవర్‌ను పక్కకు నెట్టేస్తుంది. అది జరగకుండా విండోస్‌తో వచ్చే డ్రైవర్లన్నింటికీ మైక్రోసాఫ్ట్ 2006 జూన్ 21 అనే తేదీనే ఉంచుతుంది. అది విస్టా తయారవుతున్న కాలం. లోపలి సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది, దాన్ని వెర్షన్ సంఖ్యలో చూడవచ్చు. తేదీ మాత్రం వెనుక వరుసలో కూర్చోవడానికి తీసుకున్న చీటీ వంటిది.

రెండో తేదీ ఇంకా ముచ్చటైనది. 1968 జూలై 18 ఇంటెల్ సంస్థ పుట్టిన రోజు. మదర్‌బోర్డుపై ఉన్న చిప్‌సెట్ భాగాలకు సరైన పేర్లు పెట్టడం కోసం ఇంటెల్ ఇచ్చే చిన్న ఫైళ్లకు ఆ తేదీ వేస్తారు. వాటికి పేరు చెప్పడం తప్ప పెద్ద పని లేదు కాబట్టి, పని చేసే అసలు డ్రైవర్ ఏదైనా ఉంటే దాన్ని ఇవి తొలగించకూడదన్నదే ఉద్దేశం. 1968లో విండోస్ లేదు, మీ కంప్యూటర్‌లో ఉన్న ఏ భాగమూ లేదు. అది కళ్లముందు పెట్టుకుని కూడా, పాతబడిపోయిందని చెప్పి డబ్బు అడగడం నాకు బాధ కలిగించింది. పెద్దవారు స్వయంగా డివైస్ మేనేజర్ తెరిచి, తేదీలు చదివి, అనుమానం వచ్చి ఉత్తరం రాశారు. మీ తరగతిలో పాఠం విన్న పిల్లలు అదృష్టవంతులు.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ సెంటర్. నాలుగు కంప్యూటర్లకూ ఒకే లేజర్ ప్రింటర్, అది ఒక కంప్యూటర్‌కు తగిలించి ఉంటుంది, మిగతావి నెట్‌వర్క్ మీద దాన్ని వాడుకుంటాయి. విండోస్ అప్‌డేట్ అయిన తరువాత ఒక కంప్యూటర్ ప్రింటర్ డ్రైవర్ కోసం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది, ఇంకొకటి 11బి అని ముగిసే ఎర్రర్ చూపిస్తోంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి అమరికల పట్టికలో) ఒక మార్పు చేస్తే పోతుందని తెలిసినవారు చెప్పారు. శుభలేఖల రోజులు, పని ఆగిపోయింది. ఏం చేయాలి?
— డీటీపీ సెంటర్ యజమాని, నరసరావుపేట

జవాబు: మీ తొందర అర్థమైంది కాబట్టి ముందు మందు చెబుతాను. నాలుగు కంప్యూటర్లలోనూ విండోస్ అప్‌డేట్లు పూర్తిగా చేయండి. కొన్నింటిలో చేసి కొన్నింటిలో చేయకపోతే ఈ 11బి ఎర్రర్ రావచ్చు. తరువాత ఒక్కో కంప్యూటర్‌లోనూ అడ్మిన్‌గా లాగిన్ అయి, తయారీ సంస్థ సైటు నుంచే డ్రైవర్ తెచ్చి విడివిడిగా ఇన్‌స్టాల్ చేయండి. మీ ప్రింటర్‌కు నెట్‌వర్క్ తీగ పెట్టుకునే సదుపాయం ఉంటే, దాన్ని నేరుగా రౌటర్‌కు తగిలించి దాని ఐపీ చిరునామాతో కలపండి. అప్పుడు ఒక కంప్యూటర్ పాడైతే మిగతా మూడూ ఆగిపోయే బాధ కూడా ఉండదు.

ఇప్పుడు కారణం. మీరు పేజీని ప్రింట్‌కు పంపినప్పుడు తెరపై ఉన్న అక్షరాలు ప్రింటర్‌కు అక్షరాలుగా వెళ్లవు. తక్కువ ధర లేజర్ ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా పేజీని గీసుకునే శక్తి ఉండదు కాబట్టి, ‘శ్రీరస్తు’లోని శ్రీ వత్తు మెలికతో సహా ప్రతి గీతనూ డ్రైవరే మీ కంప్యూటర్‌లో చుక్కలుగా మార్చి పంపుతుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల లెక్కన) ఒక ఏ4 కాగితం అంటే దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు. ఇంత పని చేసే డ్రైవర్ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండాలి. ఆఫీసుల్లో ఈ బాధ తప్పించడానికి, ప్రింటర్ ఉన్న కంప్యూటర్ నుంచే మిగతావి డ్రైవర్‌ను వాటంతట అవే తెచ్చుకునే ఏర్పాటు విండోస్‌లో ఏళ్ల తరబడి ఉంది.

2021 జూన్, జూలై నెలల్లో ఆ ఏర్పాటే పెద్ద కన్నమని తేలింది. ‘ప్రింట్‌నైట్‌మేర్’ అని పేరు పడిన ఆ లోపంతో, ఏ అధికారమూ లేని మామూలు లాగిన్ ఉన్నవాడు కూడా డ్రైవర్ అన్న ముసుగులో తన ప్రోగ్రామ్‌ను మరో కంప్యూటర్‌లోకి పంపి, దానిపై సర్వాధికారం సంపాదించగలడు. అందుకే 2021 ఆగస్టు 10 నాటి అప్‌డేట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేశారు. మరుసటి నెల అప్‌డేట్‌తో, ప్రింటర్‌తో మాట్లాడే దారిని మరింత బిగించారు. మీరు చూసిన 11బి ఎర్రర్ అక్కడిది. మీకు చెప్పిన రిజిస్ట్రీ మార్పు పని చేస్తుంది, కాదనను. కానీ అది తాళం బిగుసుకుందని తలుపునే ఊడబెరకడం. ఆధార్ కాపీలూ దస్తావేజులూ మీ కంప్యూటర్లలో ఉంటాయి, అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవారివి.

ఇంకొక మాట, ఇది కొత్త ప్రింటర్ కొనేటప్పుడు పనికొస్తుంది. ప్రింటర్ కంపెనీలు విడివిడిగా ఇచ్చే డ్రైవర్ల నుంచి నెమ్మదిగా తప్పుకుంటామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. వాటి స్థానంలో ఐపీపీ అనే ఉమ్మడి పద్ధతిలో విండోస్‌లోని ఒకే డ్రైవర్ అన్ని ప్రింటర్లకూ పని చేయాలన్నది ఆలోచన. అందుచేత ఆ పద్ధతికి సరిపోతుందని తెలిపే మోప్రియా గుర్తు పెట్టెపై ఉందో లేదో చూసి కొనండి. పాత పరికరం గతి ఎలా ఉంటుందో నాకు స్వానుభవం. నా దగ్గర ఉన్న పాత స్కానర్‌ను విండోస్ 11 కంప్యూటర్‌కు తగిలిస్తే, గాజు కింద దీపం వెలిగింది, ఒకసారి ఆ చివరి వరకు కదిలి వచ్చింది, తెరపై మాత్రం ‘తెలియని పరికరం’ అని పడింది. దాని తయారీదారు 32 బిట్ విండోస్‌కు మాత్రమే డ్రైవర్ రాసి ఊరుకున్నారు, 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. అదే స్కానర్‌ను లినక్స్ కంప్యూటర్‌కు తగిలిస్తే, స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెట్టుకుంటూ వస్తున్న డ్రైవర్‌తో మా అమ్మ పెళ్లిఫొటోను స్పష్టంగా చదివింది.

ప్రశ్న: నేను ఈసీఈ చదువుతున్నాను. మైక్రోకంట్రోలర్ బోర్డును కంప్యూటర్‌కు కలపడానికి తక్కువ ధరలో యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కొన్నాను. కొన్ని నెలలు పని చేసింది. డ్రైవర్ అప్‌డేట్ అయిన తరువాత పసుపు త్రిభుజం వస్తోంది. స్నేహితుడి పాత లాప్‌టాప్‌లో అదే కేబుల్ పని చేస్తోంది. డ్రైవర్‌ది తప్పా, కేబుల్‌దా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: చాలావరకు కేబుల్‌లోని చిప్పుది. అది నకిలీ అయి ఉండే అవకాశం ఎక్కువ. డ్రైవర్ అప్‌డేట్లకు అరుదుగా చెప్పుకునే కారణం ఇది. తమ చిప్పు పేరుతో అమ్ముడవుతున్న నకిలీలను ఆపడానికి కూడా కంపెనీలు డ్రైవర్‌ను వాడతాయి.

2014 అక్టోబరులో ఇటువంటి కేబుళ్లలో వాడే చిప్పులు తయారుచేసే స్కాట్లాండ్ సంస్థ ఎఫ్‌టీడీఐ ఇచ్చిన డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా అందరికీ చేరింది. తన ముందు ఉన్నది నకిలీ చిప్పు అయితే, ఆ డ్రైవర్ చిప్పు జ్ఞాపకంలో ఉండే గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసేది. ఆ తరువాత ఏ విండోస్ కంప్యూటర్‌కు తగిలించినా దాన్ని గుర్తించడం జరగలేదు. తాము కొన్నది నకిలీ అని కూడా తెలియని విద్యార్థులు, చిన్న పరిశ్రమలవారు నష్టపోయారు. గగ్గోలు పుట్టడంతో ఆ డ్రైవర్‌ను కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. తైవాన్‌కు చెందిన ప్రొలిఫిక్ మరో దారి పట్టింది. దాని కొత్త డ్రైవర్లు పాత రకం చిప్పును చూస్తే పని చేయడం మానేసి, ఈ చిప్పు 2012లోనే నిలిపివేశాం, అమ్మినవారిని అడగండి అని డివైస్ మేనేజర్‌లో రాస్తాయి. మీ పసుపు త్రిభుజం పక్కన అటువంటి వాక్యమే ఉందేమో చూడండి.

నకిలీల వల్ల నష్టపోయిన కంపెనీ తన డ్రైవర్‌ను నకిలీకి పని చేయనివ్వకపోవడం న్యాయమే. కానీ కొన్నవాడి వస్తువులోకి చొరబడి దాన్ని పాడుచేయడం అన్యాయమని నా అభిప్రాయం. అప్‌డేట్ బటన్ నొక్కేవాడు తన వస్తువు బాగుపడుతుందన్న నమ్మకంతో నొక్కుతాడు. ప్రస్తుతానికి పాత డ్రైవర్‌తో ప్రాజెక్టు పూర్తి చేసుకోండి, తదుపరి కేబుల్‌ను మాత్రం చిప్పు పేరు రాసి అమ్మే నమ్మకమైన చోట కొనండి.

ప్రశ్న: డ్రైవర్ పాతదైతే పని కాస్త నెమ్మదిస్తుందేమో గానీ, దొంగలు ఎలా పడతారు? మా ఆఫీసులో ప్రింటర్ డ్రైవర్‌కు భద్రతా అప్‌డేట్ అంటున్నారు. ప్రింటర్‌లో దోచుకోవడానికి ఏముంటుంది?
— అకౌంటెంట్, రాజమహేంద్రవరం

జవాబు: దొంగకు కావలసింది ప్రింటర్ కాదు, డ్రైవర్ కూర్చున్న చోటు. డ్రైవర్లలో చాలావరకు కెర్నల్‌లో నడుస్తాయని పైన చెప్పాను. అక్కడికి చేరినవాడిని ఆపడం యాంటీవైరస్‌కు కూడా కష్టం.

2021లో బయటపడిన ఒక ఉదాహరణ చూడండి. హెచ్‌పీ, శామ్‌సంగ్, జెరాక్స్ ప్రింటర్లతో వచ్చే ఒక డ్రైవర్‌లో, బయటి నుంచి వచ్చిన అక్షరాలను ఒక చిన్న పెట్టెలోకి ఎక్కించుకునే భాగం ఉంది. ఎన్ని అక్షరాలు ఎక్కించాలన్న లెక్కను పంపినవాడే చెబుతాడు, డ్రైవర్ దాన్ని సరిచూసుకోకుండా నమ్ముతుంది. శేరు గిన్నెలో కుంచెడు బియ్యం పోసినట్టు, పెట్టె దాటి పొర్లిన అక్షరాలు పక్కనున్న కెర్నల్ జ్ఞాపకంపై పడతాయి. ఏం పొర్లించాలో తెలిసినవాడు మామూలు లాగిన్ నుంచి సర్వాధికారికి ఎదగవచ్చు. ఆ తప్పు 2005 నుంచి అందులో ఉంది. పదహారేళ్లు ఎవరూ చూడలేదు. ఆ డ్రైవర్, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ, ప్రింటర్ తగిలించినా తగిలించకపోయినా లోపలికి వచ్చి కూర్చునేది. అదే సంవత్సరం డెల్ కంప్యూటర్లలో 2009 నుంచి వాడుకలో ఉన్న డిబియుటిల్ అనే డ్రైవర్‌లోనూ ఇటువంటి లోపమే దొరికింది.

ఇంతకన్నా విచిత్రమైనది ఇంకొకటి ఉంది. మీ కంప్యూటర్‌లో లోపం ఉన్న డ్రైవర్ లేకపోతే దొంగే దాన్ని వెంట తెచ్చుకుంటాడు. డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను విండోస్ లోపలికి రానివ్వదు కాబట్టి, ఒకప్పుడు పేరున్న కంపెనీ సంతకంతో వెలువడిన పాత లోపభూయిష్టమైన డ్రైవర్‌ను ఏరుకుంటాడు. రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే) ముఠా గిగాబైట్ సంస్థ వాడడం మానేసిన పాత డ్రైవర్‌ను ఇలాగే వాడుకుని, ముందు యాంటీవైరస్‌ను చంపి, తరువాత ఫైళ్లకు తాళాలు వేసిందని 2020 ఫిబ్రవరిలో వెల్లడైంది. అటువంటి డ్రైవర్ల నిషేధ జాబితా ఒకటి మైక్రోసాఫ్ట్ నిర్వహిస్తోంది, 2022 నాటి విండోస్ 11 అప్‌డేట్ నుంచి అది దానంతట అదే అమలవుతుంది. మీ ఆఫీసువారు చెప్పిన అప్‌డేట్ చేయించండి. పక్కన పడేసిన పాత ప్రింటర్ల డ్రైవర్లు ఇంకా ఉంటే, వాటిని కూడా తొలగించమనండి.

ప్రశ్న: కంప్యూటర్ అంతా వెతికి 27 డ్రైవర్లు పాతబడ్డాయని చెప్పే ఉచిత ప్రోగ్రామ్ దొరికింది. వాడవచ్చా?
— గృహిణి, ఒంగోలు

జవాబు: వద్దు. అది కొరివితో తల గోక్కోవడమే. డ్రైవర్ అంటే కెర్నల్ తాళంచెవి, దాన్ని ముక్కూమొహం తెలియని వారి చేతుల మీదుగా తెచ్చుకోకూడదు. విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్, లేదా మీ లాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ, ఈ రెండు చోట్ల దొరకనిది మీకు అక్కరలేదు.

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో మాది. పొద్దున పెళ్లివారికి వీడియో ఇవ్వాలనగా, ముందురోజు రాత్రి గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయింది. అప్పటి నుంచి ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోతోంది. అప్‌డేట్ చేయడమే నా తప్పా?
— వీడియో ఎడిటర్, కరీంనగర్

జవాబు: అప్‌డేట్ చేయడం తప్పు కాదు, ఆ రాత్రి చేయడం తప్పు. అయినా ఆ తప్పు మీ ఒక్కరిదీ కాదు, తయారీదారులూ చేస్తారు. 2010 మార్చిలో ఎన్విడియా విడుదల చేసిన 196.75 డ్రైవర్ కొన్ని కార్డుల్లో ఫ్యాన్ వేగాన్ని సరిగ్గా పెంచకపోవడంతో కార్డులు వేడెక్కాయి, కంపెనీ దాన్ని ఉపసంహరించుకుని పాతదానికి వెళ్లమని చెప్పింది. 2024 జూలై 19 మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ కెర్నల్ డ్రైవర్, కొత్తగా వచ్చిన ఒక సమాచార ఫైలు వల్ల, 20 విలువలే ఉన్న చోట 21వ విలువను చదవబోయి కూలిపోయింది. దాంతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరపై ఆగాయి. అది హార్డ్‌వేర్ డ్రైవర్ కాకపోయినా, కెర్నల్‌లో కూర్చున్నవాడు తడబడితే ఏమవుతుందో చూపించింది. మరుసటి రోజు నుంచి అప్‌డేట్లే వద్దని తీర్మానించుకున్నవారు నాకు తెలుసు. పైన ప్రింటర్ డ్రైవర్ కథ చదివాక మీరు ఆ మాట అనరనుకుంటాను. మీలా డ్రైవర్ మీదే జీవనం నడిచేవారికి కావలసింది సమయం ఎంచుకునే అధికారం.

ఇప్పుడు చేయవలసింది ఇది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ కార్డుపై రెండుసార్లు నొక్కి, డ్రైవర్ అనే ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. పాత డ్రైవర్‌ను విండోస్ దాచి ఉంచుతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లో వెనక్కి వెళ్తారు. ఆ బటన్ బూడిద రంగులో ఉండి నొక్కుడు పడకపోతే, దాచిన పాత డ్రైవర్ లేదని అర్థం. అప్పుడు కంపెనీ సైటులో పాత విడుదలల జాబితాలోకి వెళ్లి, నిన్నటి వరకు పని చేసిన వెర్షన్‌ను వెతికి తెచ్చుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘క్లీన్ ఇన్‌స్టాలేషన్’ అనే గడిలో టిక్కు పెట్టండి. మీది ఎన్విడియా కార్డు అయితే, ఆటల కోసం కొత్త ఆట విడుదలైనప్పుడల్లా వచ్చే గేమ్ రెడీ డ్రైవర్లను వదిలి, ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లపై ఎక్కువ పరీక్షించి ఇచ్చే స్టూడియో డ్రైవర్లకు మారండి. పని చేస్తున్న డ్రైవర్ ఫైలును, దాని వెర్షన్ సంఖ్య పేరుగా పెట్టి, వేరే డిస్క్‌లో దాచుకోండి. తదుపరి అప్‌డేట్‌ను ముహూర్తాలు లేని మూఢంలో, చేతిలో ఆర్డర్ లేని రోజు పొద్దున పెట్టుకోండి, ఐదు నిమిషాల క్లిప్పు ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకున్నాకే పాత ఫైలును తీసేయండి.